నూరకుండా కాలే మసి

బావగారు నూరుతున్నారంటే ఆ సంగతి కార్ఖానా అంతటికీ తెలియాలి. తెలియకపోతే ఆయనకు నూరినట్టే ఉండదు. ప్రయోగశాల తలుపు బార్లా తీసి, తెల్లకోటు బొత్తాలన్నీ మెడ దాకా పెట్టుకుని, చిన్న రాతికల్వంలో చిటికెడు మసి, చిటికెడు లేత పసుపురంగు పొడి వేసి, కళ్ళు అరమూసి, లోకకల్యాణం తన మణికట్టులోనే ఉన్నట్టు నూరేవారు. దారిన పోయే వెల్డర్లు ఆగి చూస్తే చేతిలోని గుండు ఇంకాస్త గుండ్రంగా తిప్పేవారు.

ఎదుటి షెడ్డులోంచి ఆ వైభవమంతా రోజూ చూడవలసి రావడం చిన్నమ్మాయి ఖర్మ. యజమాని రెండో కూతురు కాబట్టి, తలలో తెల్లవెంట్రుకలు మొదలైనా కార్ఖానాలో అందరికీ ఆమె చిన్నమ్మాయే. ఇంజన్ల పరీక్షంతా ఆమె చేతిమీదుగా సాగేది. పెద్దమ్మాయి, అంటే అక్క, ఆఫీసు చూసుకునేది. అక్క మొగుడు ఏం చూసుకుంటారో ఎవరికీ స్పష్టంగా తెలియదు గానీ, ప్రయోగశాల గుమ్మం మీద మాత్రం 'ముఖ్య శాస్త్రవేత్త' అని ఇత్తడి పలక మెరిసేది. ఒకప్పుడది రంగులు కొట్టే గది. తలుపుకి గడియ పెట్టించక ముందే ఆయన పలక పెట్టించుకున్నారు. ఆ పలక మీద దుమ్ము పడితే అటుగా వెళ్తూ అక్క మోచేత్తో తుడిచి పోయేది. అది చూసినప్పుడల్లా చిన్నమ్మాయికి ఒళ్ళు మండేది.

నాన్నది బస్సులకు, లారీలకు పొగగొట్టాలు చేసే కార్ఖానా. ఇప్పుడు ఉత్త గొట్టం ఎవరికీ అక్కర్లేదు, డీజిలు పొగలోని మసిని పట్టే వడపోత కూడా కావాలి. సన్నటి గదులు గదులుగా ఉండే పింగాణీ దిమ్మ ఆ మసిని పట్టేస్తుంది. పట్టడం పెద్ద విద్యేమీ కాదు. పట్టిన మసిని ఎప్పటికప్పుడు అక్కడే కాల్చి వదిలించుకోవడమే విద్య. లేకపోతే దిమ్మ పూడుకుపోయి ఇంజనుకి ఊపిరాడదు. ఏదో ఒకనాడు పేరుకున్న మసంతా ఒక్కసారిగా అంటుకుందంటే దిమ్మే కరిగి, జనం కూర్చున్న బస్సు అడుగున కుంపటి తయారవుతుంది. మసి తనంతట తాను అంటుకోవాలంటే ఆరువందల డిగ్రీల వేడి కావాలి. ఊళ్ళో ఆగుతూ పోయే బస్సు పొగలో అందులో సగానికి కాస్త పైన ఉంటే గొప్ప. అందుకని తక్కువ వేడికే మసి అంటుకునేలా చేసే ఉత్ప్రేరకాన్ని ఆ గదుల గోడలకు పూస్తారు. లోకమంతా దానికి ప్లాటినం వాడుతుంటే, ఆ అవసరమే లేకుండా ఆ చవకైన పసుపురంగు సీరియం పొడితో పని కానిస్తానని బావగారు పంతం పట్టారు. నాన్నకు ఆ మాట పలకడం కూడా రాదు. "మా పెద్దల్లుడు ఉత్ప్రేతకం చేస్తున్నాడు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. చిన్నమ్మాయి దిద్దేది కాదు. ఆ మాటే సరిగ్గా ఉందనిపించేది.

ఒకరోజు బావగారి పొడి మూడువందల నలభై డిగ్రీలకే మసిని కాల్చేసింది. ఇక చూడాలి సంబరం. నాన్న గేటు మీద కార్ఖానా పేరు కింద ఆ అంకె రాయించారు. అక్క చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఆయనేదో మసి వంక కళ్ళెర్రజేసి చూస్తే అది భయపడి కాలిపోయినట్టు చెప్పింది. బావగారు మాత్రం వినయంగా తల దించుకుని, తల దించుకున్న సంగతి అందరూ గమనించారో లేదో ఓరకంట చూసుకున్నారు.

చిన్నమ్మాయి అదే మసి, అదే పొడి తీసుకుంది. నూరలేదు. చిన్న సీసాలో వేసి, మూత పెట్టి, కాస్త కుదిపింది. బావగారి యంత్రంలోనే కాల్చి చూస్తే ఐదువందలు దాటాక గానీ అంటుకోలేదు. ఆ అంకెలున్న కాగితం పట్టుకుని ఇత్తడి పలక కిందికి వెళ్ళింది.

"బావగారూ, నూరకపోతే ఐదువందలు దాటుతోందండీ."

కోపం వచ్చేకొద్దీ ఆ 'గారు'ను సాగదీయడం ఆమెకు అలవాటు.

"నూరకపోవడమేమిటి? నూరాలి. ప్రపంచమంతా నూరే చూస్తుంది" అన్నారాయన.

"ఏ పొడి మెరుగో తేల్చుకోవడానికి నూరుతుందండీ ప్రపంచం. నూరితే మసి రేణువు పొడి రేణువుకి అతుక్కుపోతుంది, కాబట్టి తొందరగా కాలుతుంది. బస్సులో మసి దుమ్ములా వచ్చి పైపైన వాలుతుంది. అక్కడ నూరేదెవరు?"

"పద్ధతి తెలియకుండా మాట్లాడకు."

"పోనీ, కల్వం ఇచ్చి ఒక మనిషిని పొగగొట్టంలో కూర్చోబెడదామా?"

అప్పట్నుంచి బావగారు మసితోపాటు ఆమె మీద కారాలూ మిరియాలూ కూడా నూరారు. ఆయన మోసగాడు కాదు, అదే చిన్నమ్మాయి బాధ. మోసగాడైతే కొంత గౌరవమైనా ఇచ్చేది. మసిపూసి మారేడుకాయ చేసేవాడికి అది మారేడుకాయ కాదని తెలిసి ఉంటుంది. ఈయనకు ఆ పాటి తెలివీ లేదు. తన కల్వంలో జరిగింది ఊళ్ళో ప్రతి బస్సు కిందా జరిగి తీరుతుందని మనస్ఫూర్తిగా నమ్మేశారు. ఇక నాన్న చదువు లేక నమ్మారు, అక్కేమో ఆయన తన మొగుడు గనక నమ్మింది. నాన్ననైనా క్షమించవచ్చు. అక్క ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ మనిషిని చెల్లెలి కళ్ళతో చూస్తే చాలని చిన్నమ్మాయి కోరిక. అంతకు మించి ఆ ఇంట్లో ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇంతలో బస్సుల కంపెనీ కదిలింది. గేటు మీది అంకె ఎవరో చెబితే విని, వాళ్ళ ఇంజనీరమ్మ స్వయంగా వస్తానంది. మసి పట్టిన దిమ్మను ఇంజను పొగకు పెట్టి, మూడువందల నలభైకి శుభ్రమవుతుందో లేదో తన కళ్ళెదుట చూపించాలంది. నాన్న చిన్నమ్మాయిని పిలిచి, "నువ్వే నడిపించాలమ్మా" అన్నారు. దిమ్మకు మసి పట్టించడం చాలా పొద్దు పట్టే పని, కాబట్టి ముందురోజే సిద్ధం చేసి పెట్టుకోవడం ఆనవాయితీ. చిన్నమ్మాయి మనసులో ఒక పక్క పండగే చేసుకుంది. తను చేయవలసింది ఏమీ లేదు. ఇంజను పెట్టి పక్కకు తప్పుకుంటే చాలు, ఇత్తడి పలక దానంతటదే ఊడి పడుతుంది.

ముందురోజు పొద్దున అక్క షెడ్డులోకి వచ్చింది. నూనె మరకల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మీ బావ నిద్రపోవడం లేదే."

"నూరీ నూరీ చేతులు నొప్పులేమో."

అక్క నవ్వలేదు. "నువ్వు వేళాకోళం చేసిన ప్రతిసారీ ఆయన ఇంటికొచ్చి నన్నొకటే అడుగుతారు, నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా అని. లేదంటాను. ఊరికే అనడం కాదే, నిజంగానే అనుకోను. ఉన్న ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి. ఆయనకిక్కడ ఇంకేముంది చెప్పు, నా ఆ మాట తప్ప? నాకూ అంతే. రేపు అందరి ముందూ ఇది పోయిందనుకో, రాత్రికి ఆయన మళ్ళీ అడిగితే నేనేం చెప్పాలి?"

"నిజం చెప్పు."

"నీకేమే, చెబుతావు. మర్నాడు ఆ మొహం పక్కన కూర్చుని అన్నం తినేది నువ్వు కాదుగా" అంది అక్క, గొంతు పెంచకుండానే. పైగా వెళ్ళబోతూ చెల్లెలి చొక్కా చేతి మడత సరిచేసి మరీ వెళ్ళింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయాక చిన్నమ్మాయి ప్రయోగశాలలోకి వెళ్ళి బావగారి కల్వం తెచ్చుకుంది. గుప్పెడు మసి, గుప్పెడు పొడి. విడతలు విడతలుగా వేసుకుని నూరింది. నూరిన దాన్ని స్పిరిటులో కలిపి, దిమ్మ గదుల్లోకి పోసి, ఆరబెట్టింది. బయటి నుంచి చూస్తే ఇంజను పట్టించిన మసికీ దీనికీ తేడా తెలియదు. లోపల మాత్రం ప్రతి రేణువూ పొడిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ఇంజనీరమ్మ చూసి వెళ్ళిపోయాక నాన్నను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పేయవచ్చు, ఆర్డరును ఏదో వంకతో ఆపించవచ్చు, అక్క కాపురం చల్లగా ఉంటుంది, బస్సులూ చల్లగా ఉంటాయి అని సర్దిచెప్పుకుంది. ఇలా సర్దిచెప్పుకునేవాళ్ళను ఆమె పుట్టిన దగ్గర్నుంచీ పురుగుల్లా చూసింది. అన్నిటికంటే ఘోరం, నూరుతుంటే హాయిగా ఉంది. గుండు దానంతటదే తిరిగింది, మసి పట్టులా మెత్తబడింది. కాసేపటికి తన కళ్ళు కూడా అరమోడ్పులయ్యాయని గ్రహించి ఆమె ఉలిక్కిపడింది.

మర్నాడు ఇంజనీరమ్మ వచ్చింది. తక్కువ మాటల మనిషి. టీ వద్దంది, కుర్చీ వద్దంది, దిమ్మకు అటూ ఇటూ ఉన్న పీడనం తేడా చూపే ముల్లు ఎదురుగా నిలబడింది. చిన్నమ్మాయి ఇంజనును మెల్లగా వేడెక్కించింది. మూడువందలు దాటాక ముల్లు వణికింది. మూడువందల నలభైకి తల వాల్చి, చక్కగా కిందికి దిగిపోయింది. నాన్న చప్పట్లు కొట్టారు. గుమ్మం దగ్గర అక్క రెండు చేతులతో నోరు మూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అక్క మొహం అంత అందంగా ఉండగా చిన్నమ్మాయి ఎన్నడూ చూడలేదు.

"బాగుంది," అంది ఇంజనీరమ్మ. "ఆసుపత్రి ముందునుంచి వెళ్ళే రూటు మీదే మాకు ఫిర్యాదులన్నీ. అడుగడుక్కీ ఆగాలి, పొగంతా రోగుల కిటికీల్లోకే. ముందు ఆ బస్సులకి బిగిస్తాం. వ్యాను తెచ్చాను, తయారుగా ఉన్న దిమ్మల పెట్టెలు ఇప్పుడే ఎక్కించేయండి."

నాన్న అప్పుడే పెట్టెల వైపు పరుగెత్తారు. అడుగడుక్కీ ఆగే బస్సు పొగ మామూలుగా ఐదువందల దాకా వేడెక్కదు. మసి పొర మీద పొర పేరుకుంటుంది, ఒకనాడు గట్టు ఎక్కేటప్పుడో ఎక్కడో అంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. నాన్నను పక్కకు పిలవడానికి ఇక వ్యవధి లేదు.

బావగారు ఆమె దగ్గరికి వచ్చారు. ఆ మొహంలో సాధించానన్న కసి కూడా లేదు, ఉత్త ఆనందం.

"ఏం మరదలా, ఇప్పుడేమంటావు? నూరకుండానే కాలింది కదా!"

"బావా," అంది చిన్నమ్మాయి. నోట్లోంచి 'గారు' రాలేదు. "నూరాను. నేనే నూరాను."

రెండు అరచేతులూ చాపింది. ఎంత తోమినా మసి గీతల్లోంచి పోలేదు. స్పిరిటు సంగతీ, ఇందాక దిమ్మలో కాలిందేమిటో, ఆసుపత్రి రూటులో ఏమవుతుందో అన్నీ చెప్పింది. ఇంజనీరమ్మ ఆమె వంక కాక ముల్లు వంక కాసేపు చూసి, "ఇంజను ఆపండి" అంది. నాన్న పెట్టె మీద కూలబడ్డారు.

బావగారు ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని, తిప్పి చూశారు. కొడతారనుకుంది, లేకపోతే ఏడుస్తారనుకుంది. ఏది చేసినా, ఆ రోజునుంచి ఆయనను మనిషి కింద లెక్కగట్టేది.

"ఎంతసేపు నూరావు?" అన్నారాయన.

"భోజనాల వేళంతా."

"అంతేనా?" ఆయన మొహం వెలిగిపోయింది. "ఆ కాస్త నూరితేనే ముల్లు అంత చక్కగా పడిందా!" చటుక్కున ఇంజనీరమ్మ వైపు తిరిగారు. "విన్నారా అండీ? చేయి తిరగనివాళ్ళు నూరినా పని చేస్తోంది. అదీ మా పొడి సత్తా!"

ఇంజనీరమ్మ సంచీ భుజాన వేసుకుని ఖాళీ వ్యాను వైపు నడిచింది. ఆయన ఆమె వెనకాలే గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, నవ్వుతూ పెళ్ళాన్ని అడిగారు:

"చూశావా, ఈవిడకు కూడా అర్థం కాలేదు. నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా ఏమిటి?"

అక్క మొగుణ్ణి చూస్తోంది. పెదవి ఒక పక్కకు కొద్దిగా విరిచి, కళ్ళు కొంచెం చిన్నవి చేసి, తెల్లకోటు బొత్తాల మీదుగా పైదాకా, తీరుబడిగా చూస్తోంది. ఆ చూపు చిన్నమ్మాయికి బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసుకునేదే. ఇన్నాళ్ళూ అక్క దగ్గర కోరుకున్నదీ దాన్నే.

"వద్దే, అక్కా" అంది. అక్క వినిపించుకోలేదు.