జొన్నచొప్ప బొగ్గు, సోయాపిప్పి బొగ్గు

మా ల్యాబులో మనకంటే ముందు చేరినవాణ్ణి ‘అన్నా’ అనాలి. కాబట్టి లూ హెంగ్‌ని అన్నా అంటాను. ఆ పిలుపులో ప్రేమేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

చైనాలో, మా హర్బిన్ శివార్లలో ఒక బీరు ఫ్యాక్టరీ తన మురుగుతొట్టి ఒకటి ప్రయోగానికి మాకిచ్చింది. ఆ మురుగు తిని బ్యాక్టీరియా ఎలక్ట్రాన్లు వదులుతుంది; అదే కరెంటు. అయితే అవతలి ఎలక్ట్రోడ్ దగ్గర గాల్లోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లని చప్పున అందుకోవాలి. అందుకోవడానికి ప్లాటినం పూత బ్రహ్మాండంగా పనికొస్తుంది గానీ, ఆ ఖర్చుకి ఫ్యాక్టరీనే కొనెయ్యొచ్చు. అందుకే చవకరకం పూత కావాలి. నాది జొన్నచొప్ప కాల్చిన బొగ్గు. అన్నది సోయాపిప్పి బొగ్గు. ఎవరిది తొట్టిలోకి వెళ్తే వాళ్లకే ఈ వేసవిలో పీహెచ్‌డీ పట్టా. రెండోవాళ్లు ఇంకో ఏడాది ఇక్కడే పడుండాలి.

మీటింగులో అన్న తన గ్రాఫ్ చూపించాడు. అచ్చం ప్లాటినంలాగే ఉంది.

“చెల్లీ, ఆ చొప్ప ఆవులకి వెయ్యి. పాలన్నా ఇస్తాయి.”

అందరూ నవ్వారు, ప్రొఫెసర్ గూతో సహా.

“పరీక్షలో నీ పూతకి ఎదురుగా ఏ తీగ పెట్టావన్నా?” అన్నాను.

“ప్లాటినం. అందరం వాడేదేగా.”

“యాసిడ్‌లో పెట్టి గంటలకొద్దీ కరెంటు పారించావు. ఆ తీగ కరిగి నీ పిప్పి మీద పేరుకుంటే? అప్పుడు పనిచేసింది పిప్పా, ప్లాటినమా?”

“కడుపుమంటకి మందేసుకో.”

“మాటలెందుకు?” అన్నారు ప్రొఫెసర్. “తీగ తీసేసి గ్రాఫైట్ కడ్డీ పెట్టండి. పూత కొత్తది వెయ్యండి.”

అందరూ బల్ల చుట్టూ మూగారు. ఈసారి అన్న గ్రాఫ్ లేవనే లేదు.

అన్న మొహం గంటుపెట్టుకుని, “చెల్లిగారిది కూడా పెట్టండి సార్. ఆ తీగ తనకిచ్చింది నేనే,” అన్నాడు.

నిజమే, నేనూ అదే తీగ వాడాను. యాసిడ్ కాదు, మామూలు ఉప్పునీళ్లే; అయినా కడ్డీతో ఎప్పుడూ చూడలేదు.

నా గ్రాఫ్ కాస్త దిగింది. ఇంకాస్త దిగింది. అక్కడ ఆగింది. ప్లాటినం కాలిగోటికి చాలదు గానీ, తొట్టికి చాలు.

“చొప్పే వెళ్తుంది. నింగ్, వేసవికి నువ్వు బయటపడతావు,” అన్నారు ప్రొఫెసర్. “లూ హెంగ్, నువ్వెలాగూ ఇంకో ఏడాది ఉంటావుగా. ఆ తొట్టి నువ్వు చూసుకో.”

అన్న నా వైపు తిరిగాడు. “చలికాలంలో అది చస్తే నన్నడక్కు.”

“బొగ్గు చావదన్నా. చచ్చేది బ్యాక్టీరియా. వాటిని తిట్టకుండా చూసుకో.”

ఆ సాయంత్రమే, తొట్టిలోవి పాడైతే పనికొస్తాయని, ఇంకో దొంతర ఎలక్ట్రోడ్లకి బొగ్గు పూసి అల్మారాలో పెట్టి తాళం వేశాను. అన్న చేతుల మీద నాకున్న నమ్మకం అంత.