నీలి గళ్ళ చొక్కా

నేను రఫ్ఫు చేస్తే చిల్లు ఎక్కడుందో దేవుడు కూడా వెతుక్కోవాలని మా అత్తగారు పదిమందిలో అంటుంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్క విషయంలోనే. మిగతావన్నీ వంకలే. కూరలో ఉప్పు, నా నడక, నేను కన్న ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆ మెప్పు కూడా ఊరికే రాలేదు. ఇంట్లో అందరి బట్టలూ, ఆవిడ చెల్లెళ్ళ ఇళ్ళ దుప్పట్లూ, చర్చిలో పీఠం మీద పరిచే తెల్లగుడ్డలూ అన్నీ నా ఒళ్ళోకే వస్తాయి. శనివారం మధ్యాహ్నం నేను పీఠం గుడ్డలు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన మంచం మీదనుంచే, "ఎలాగూ పెట్టె వేడిగానే ఉందిగా, నా చొక్కాలు కూడా లాగెయ్" అంటాడు. దేవుడి పనితో పాటు ఆయన పనీ అయిపోతుంది. రెండింటికీ జీతం పరలోకంలోనే.

భూలోకంలో జీతమిచ్చేది పెద్దాసుపత్రి. అక్కడ కుట్టుగదిలో చిరిగిన దుప్పట్లకు మాసికలు వేస్తాను, డాక్టర్ల కోట్లకు గుండీలు కుడతాను. పక్కగదిలో ఉతికి ఆరేసిన బట్టలు మూటలుగా నా బల్లమీదికి వస్తాయి. ఏ బట్ట ఎవరిదని అడిగే అలవాటు నాకు లేదు. అడగకపోవడం పెళ్ళైన మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

ఆ నెలలో మిల్లు మూసేశారు. జనం వెళ్ళి వంతెన దగ్గర కూర్చున్నారు. పోలీసులు వచ్చారు. తుపాకుల మోత విన్నామని కొందరన్నారు, లారీ టైర్లు పేలాయని రేడియో అంది. మూడో రోజున స్టోరు ఆఫీసరు స్వయంగా మా గదికి వచ్చాడు. ఎప్పుడూ కబురు పెట్టేవాడే తప్ప గుమ్మం తొక్కిన మనిషి కాదు. చేతిలో ఉతికిన నీలి గళ్ళ చొక్కా.

"చనిపోయినతని వస్తువులు ఇంటివాళ్ళకి అప్పగించాలి. చిరుగు చూస్తే పాపం బాధపడతారు. కనబడకుండా చెయ్యి, నీ పనితనం నాకు తెలుసుగా" అన్నాడు.

చిరుగు కాదది. వీపు మీద, ఎడమ రెక్క కింద, చిటికెన వేలు పట్టేంత గుండ్రటి చిల్లు. అంచులు కాస్త కమిలి ఉన్నాయి. ఉతికినవాళ్ళు మరక వదిలించగలిగారు కానీ చిల్లును ఏం చేస్తారు? ముందువైపు తిప్పి చూశాను, ఏమీ లేదు. నాకు అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, అర్థమైంది. అయినా చొక్కా కింది అంచు మడతలోంచి నీలిపోగులు కొన్ని, తెల్లపోగులు కొన్ని లాగి, గడికి గడి కలిపి మధ్యాహ్నమంతా అల్లాను. అసలు సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. పూర్తయ్యాక కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి మురిసిపోయాను. ఆఫీసరు చొక్కా తిరగేసి మరగేసి చూసి, "భలే!" అన్నాడు. ఆ భలే మోసుకుంటూ ఇంటికెళ్ళి వంట చేశాను.

ఆదివారం పూజలో ఫాదరుగారు పందొమ్మిదేళ్ళ కుర్రాడి ఆత్మశాంతి కోసమని చెప్పారు. వంతెన మీదనుంచి ఏట్లోకి దూకి, నీట మునిగి మరణించాడని చదివారు. ఆసుపత్రి కాగితంలో ఉన్నమాట అదే. మా ముందు రెండో బెంచీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఒంటరి మనిషి, బడిలో వంటచేస్తుంది. ఒళ్ళో ఆ చొక్కా, మడత పెట్టినది. నేను పెట్టిన మడతే.

పూజ అయ్యాక మెట్ల దగ్గర ఆవిడ ఎవరితోనో అంటోంది, "వాడికి ఈత వచ్చమ్మా. చేపపిల్లలా ఈదేవాడు. ఎలా మునిగాడో నాకు తెలీడం లేదు. తాగాడంటున్నారు. నా కొడుకు తాగుతాడా?"

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన నీటి సరఫరా ఆఫీసులో గుమస్తా. రెండు నెలల్లో హెడ్డుగుమస్తా కావాల్సి ఉంది. కంచంలో చెయ్యి ఆపి, "నువ్వు చూసింది చిల్లు. తుపాకి చూశావా?" అన్నాడు.

"చూడలేదు."

"మరింకేం? మేకు గుచ్చుకుని ఉంటుంది. నీ పని సూదీ దారం. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా?" కాస్త ఆగి, "మజ్జిగ పొయ్యి" అన్నాడు. పోశాను.

ఆ శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళాను. మా చర్చి ఆడవాళ్ళం అక్కడ మోకరించి మా పాపాలకంటే మొగుళ్ళ పాపాలే ఎక్కువ చెబుతామని ఫాదరుగారు నవ్వుతుంటారు. "ఆయనవి ఆయన చెప్పుకుంటాడమ్మా, నీవి చెప్పు" అంటారు. నా జాబితా ఎప్పుడూ ఒకటే. విసుక్కున్నాను, అత్తకు ఎదురు చెప్పాను, ఒకరోజు జపం మానేశాను. ఇన్నేళ్ళలో నేను నోరు తెరిచి చేసిన పాపాలే చెప్పుకున్నాను. మూసుకుని చేసింది ఒక్కటీ చెప్పలేదని ఆ రోజు తెలిసింది. చొక్కా సంగతి మొత్తం చెప్పాను.

"చెప్పిన పని చేశావు. భయపడ్డావు. దేవుడికి అన్నీ తెలుసమ్మా" అన్నారు ఫాదరుగారు తెర అవతలనుంచి.

"దేవుడికి తెలుసు ఫాదర్. ఆవిడకి తెలీదు."

ఆయన మాట దాటేశారు. ఆయనను తప్పుపట్టలేను. మిల్లు మూసేసినప్పటినుంచీ చర్చి వెనక బెంచీలో ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చుని ఆయన ప్రసంగాలు చిన్న పుస్తకంలో రాసుకుంటున్నారు. జపాలు వాళ్ళకు రావు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో పక్కవాళ్ళను చూసి తెలుసుకుంటారు. ఫాదరుగారు పది మంగళవార్త జపాలు ప్రాయశ్చిత్తం వేశారు. తరువాత మెల్లగా, "నువ్విక్కడ చెప్పింది నేను బయట అనకూడదు, నీకు తెలుసుగా" అన్నారు. అది హెచ్చరికో, బతిమాలటమో నాకు తెలియలేదు. జపాలు చెప్పుకుంటూ లెక్క వేసుకున్నాను. ఇప్పుడు విషయం తెలిసి, పట్టించుకున్నవాళ్ళం ముగ్గురం. దేవుడు, ఫాదరు, నేను. మొదటి ఇద్దరూ నోరు విప్పరు.

ఇంకో మూడు ఆదివారాలు గడిచాయి. ఆ తల్లి ప్రతి ఆదివారం ఆ చొక్కాతోనే వచ్చేది. ఆసుపత్రిలో దుప్పటికి వేసిన మాసిక వంకరపోయిందని మొదటిసారి చీవాట్లు తిన్నాను. ఉద్యోగం పోతే పిల్ల చదువు ఆగుతుంది, మా ఆయన కుర్చీ పోతుంది, ఇంటికి పోలీసులు రావచ్చు. ఇవన్నీ నాకు తెలియనివి కావు. భయం పోలేదు, ఇప్పటికీ పోలేదు. కానీ ఒక తల్లి తన కొడుకు తాగుబోతని నమ్మడం మొదలుపెట్టింది. అందుకు కారణం నా చేతిపని.

నాలుగో ఆదివారం, ఫాదరుగారికి సాయంగా ఉండే ఉపదేశిగారు విశ్వాసుల ప్రార్థన చదివారు. పాలకుల కోసం, రోగుల కోసం, మంచి వానల కోసం. ఒక్కో మనవికీ అందరం "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అన్నాం. ఆఖర్న ఎప్పటిలాగే, "ఇప్పుడు మన సొంత మనవులను మౌనంగా సమర్పించుకుందాం" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ అరనిమిషంలో నేను మా ఆయన ఉద్యోగం, అత్తగారి మోకాళ్ళు, పిల్ల పరీక్షలు అడుగుతూ వచ్చాను. నాకోసం అడుక్కునే వంతు వచ్చేసరికి ఉపదేశిగారు గొంతు సవరించుకుని మౌనం ముగించేవారు.

ఆ రోజు లేచి నిలబడ్డాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"వంతెన దగ్గర, వెనకనుంచి తుపాకీతో కాలిస్తే చనిపోయిన ఈ తల్లి బిడ్డ కోసం, ఆ చొక్కా చిల్లు ఎవరికీ కనబడకుండా కుట్టిన నా కోసం, ప్రార్థించుదాం."

గొంతు పీలగా వచ్చింది కానీ వచ్చింది. పీఠం దగ్గర ఫాదరుగారు కళ్ళు మూసుకున్నారు. అప్పుడు నా పక్కనుంచి మా అత్తగారు, "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అంది, గట్టిగా, రోజూ సాయంత్రం జపంలో అన్నట్టే. ఆ మాట చెవిన పడగానే అలవాటుపడ్డ నోళ్ళు ఆగలేదు. చర్చి మొత్తం అంది. అన్నాక గానీ తామేం అన్నారో వాళ్ళకు తెలియలేదు. వెనక బెంచీలో ఇద్దరూ రాసుకోవడం మొదలుపెట్టారు.

పూజ అయ్యాక జనం మాకు దూరదూరంగా నడిచారు. మెట్ల మీద మా ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరో వింటున్నారన్నట్టు పైకే అన్నాడు. "అమ్మకి చెవుడు. ఇదేం వాగిందో తెలీక అలవాటుగా అనేసింది."

"నాకు బాగానే వినబడిందిరా" అంది మా అత్తగారు.

ఇంతలో ఆ కుర్రాడి తల్లి వచ్చి నా ముందు నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది. చొక్కా నా చేతుల్లో పెట్టి, "ఎక్కడమ్మా? ఎంత వెతికినా నాకు కనబడట్లేదు" అంది.

వీపు తిప్పి చూపించాను. ఆవిడ ఆ చోటును గోటితో తడిమింది.

"విప్పు."

కత్తెర లేదు. మా అత్తగారు జపమాల సంచికున్న పిన్నీసు తీసి నాకు అందించింది. మెట్ల మీదే కూర్చుని, గడి చెదరకుండా నేను అల్లిన పోగులు ఒక్కొక్కటీ లాగేశాను. చాలాసేపు పట్టింది. ఆవిడ వంగి, తన వేలు ఆ చిల్లులో దూర్చింది.