గోడ మీది జీను

నేను ఒక జీనును. గుర్రం వీపుకీ మనిషికీ మధ్య ఉండడమే నా పని. పుట్టింది బొల్లారంలో, దానయ్య దుకాణంలో. తంగేడు బెరడు నీళ్లలో నానిన తోలు నాది. దాన్ని తడిపి, చెక్క చట్రం మీదికి లాగి, ఎక్కడా ముడత లేకుండా బిగించాడు దానయ్య. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలోంచీ అవి ఎదురెదురుగా దూరి వెళ్లేవి. దారానికి మైనం పట్టించి ఆయన భార్య మణెమ్మ అందించేది. ఆఖరున ఉన్ని కూరి, అరచేత్తో నిమిరి, "గిదీ జీనంటే!" అన్నాడు దానయ్య. ఆ మాటతో నాకు గర్వం పట్టుకుంది. తర్వాత పట్టుకున్న జబ్బు వేరు.

నన్ను చేయించుకున్నది వసుంధరమ్మ. పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పుతుంది. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన రోజు ఆమె చేతుల్లో ఇంకో జీను ఉంది. నల్లబడి, అంచులు చీలి, పట్టీలు తెగి వేలాడుతున్న ముసలిది. పసిబిడ్డను దించినట్టు దాన్ని బల్ల మీద దించింది.

"ఇది మా నాన్నది, దానయ్యగారూ. దీని మీదే నాకు స్వారీ నేర్పాడు. బాగవుతుందేమో చూడండి. బాగైతే ఇదే వాడుకుంటాను. కొత్తది మీ దగ్గరే ఉండనివ్వండి."

ఉండనివ్వండట! అప్పటికి ఆమె నన్ను ముట్టుకోనైనా లేదు.

దానయ్య దాన్ని తిరగేసి చూశాడు. కుట్టు దగ్గర ఆయన చూపు ఆగింది. ముఖం మారింది. "లేదమ్మా. దీని పనైపోయింది. లోపల చట్రం పుచ్చింది. కూసుంటే ఇరుగుతది," అన్నాడు.

నా తోలంతా పులకరించింది.

వసుంధరమ్మ కళ్లు తుడుచుకుంటుంటే మూలనున్న మణెమ్మ లేచి వచ్చింది. ఆ జీనును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా నొక్కింది. కిర్రుమని కూడా అనలేదు అది.

"చట్రం మంచిగనే ఉన్నదమ్మా. పట్టీలు మారిస్తే నడుస్తది. రేపు రా," అని ఆమెను పంపించి, మొగుడి వైపు తిరిగింది. "మా నాయిన కుట్టు గుర్తుపట్టినవ్ గదా?"

దానయ్య తల దించుకుని బల్ల మీది సూదులు ఏరసాగాడు.

"గుర్తుపట్టే అబద్ధమాడినవ్."

"ఆడిన," అన్నాడు చివరికి. "నేనెంత మంచిగ కుట్టినా, మల్కయ్య అల్లుడు కుట్టిండంటరు. నా పేరు ఒక్కడన్న తీస్తడా? మీ నాయిన పోయినా ఆ మాట పోలే. ఇది మల్ల బయటికొస్తే మల్ల గదే మాట. గందుకే అన్న."

ఆయన కడుపుమంట నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మేమిద్దరం ఒకే జట్టు.

మణెమ్మ కోప్పడలేదు. "ఒక్కపారి ఇప్పి సూడు," అంది.

దానయ్య కుట్టు విప్పాడు. ఎవరి కంటా పడని లోపలి మడతలో కూడా దారం బయట ఉన్నంత తీరుగానే నడిచింది. ఆయన ఆ దారం వెంట చివరిదాకా వేలు నడిపాడు. తర్వాత లేచి నా దగ్గరికి వచ్చి నా పట్టీలు కోశాడు. అవును, నావే! అంత మంచి తోలు దుకాణంలో ఇంకెక్కడా లేదట. తీసుకెళ్లి ఆ ముసలిదానికి కుట్టాడు. నన్ను కూడా అంత శ్రద్ధగా కుట్టలేదని నా అనుమానం.

మర్నాడు వసుంధరమ్మ దాన్ని గుండెకు హత్తుకుని వెళ్లిపోయింది. నేను పట్టీలు లేకుండా దుకాణంలో దుమ్ము కొట్టుకుపోయి ఉండిపోయాను. ఆమె గుర్రం చమేలీ వీధిలో వెళ్తుంటే డెక్కల చప్పుడు వినబడేది. దాని వెచ్చని పక్కలకు రాసుకుంటూ నా పట్టీలు వెళ్తున్నాయి కదా అనుకునేదాన్ని. నా ఒంటి ముక్క మీద నాకే అసూయ కలిగిందంటే, జబ్బు ఎంత ముదిరిందో చూడండి.

రెండు వానాకాలాలు గడిచాయి. ఒకరోజు చమేలీ అడ్డుకర్ర మీంచి దూకుతుండగా ఆ ముసలిదాని చట్రం నిజంగానే విరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాన్ని మళ్లీ బల్ల మీదికి తెచ్చి వసుంధరమ్మ ఏడ్చింది. నేను సంబరపడ్డాను. దానయ్య కూడా పడతాడనుకున్నాను. ఆయన మణెమ్మ వైపు చూసి, "ఇగ నా చేతుల లేదే," అన్నాడు. విరిగిన చట్రాన్ని అరచేత్తో నిమిరాడు. మా జట్టులో నేనొక్కదాన్నే మిగిలాను.

నాకు కొత్త పట్టీలు వేశాడు. అంతటితో ఆగక, నా లోపలి మడతలన్నీ విప్పి మళ్లీ కుట్టాడు. ఎవరిని తలుచుకుని కుడుతున్నాడో నాకు తెలుసు. అదీ నాకు మంటే.

వసుంధరమ్మ ఇంట్లో రోజూ స్వారీ నా మీదే. అయినా ముసలిదాన్ని ఆమె పారేయలేదు. వసారా గోడకు తగిలించింది. ఎవరూ ఎక్కని దానికి నాకు పట్టించినంత నూనె పట్టిస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని గురించే అడుగుతారు. చమేలీ చెమట నాది, వాన నాది, బురద నాది, కథలు మాత్రం దానివి.

ఈ మధ్య రెబెకా అనే చిన్న పిల్ల స్వారీకి చేరింది. మొదటిరోజు భయంతో నా ముందు అంచును రెండు చేతులా పట్టుకుని వదలలేదు. వారం తిరిగేసరికి నవ్వడం మొదలుపెట్టింది. నిన్న ఆమె వంతు అయ్యాక వసుంధరమ్మ ఇంకో అబ్బాయిని నా మీద ఎక్కించింది.

రెబెకా కంచె పట్టుకుని నిలబడింది. పెదవి బిగించి, ఆ అబ్బాయిని, నన్ను, మళ్లీ ఆ అబ్బాయిని చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

పాపం అనిపించాలి. నాకు మాత్రం పండగలా ఉంది.