ఇనుప ప్రమాణం

"దండెం మీద ఆ దుప్పట్లు ఇంకెంతసేపు ఉంటాయత్తయ్యా?" అన్నాను.

"దుప్పట్లు కావు, ఉన్ని అంగరఖాలు," అంది మా అత్తగారు ఒడీలియా, పురుగు కొట్టిన చోటు వెతుకుతూ.

"ఏవైతేనేం! నా తడిబట్టలు బుట్టలోనే ముక్కిపోతున్నాయి."

"చలికాలం వస్తే అప్పుడు నన్నే అడుగుతారు."

"ఇక్కడికి చలికాలం రావాలంటే ఓడెక్కే రావాలి."

"నీ నోటికి తాళం వేసేవాళ్లు లేరమ్మా, తెక్లా," అంటూ ఆవిడ ఆరింటిలో రెండు తీసి మడత పెట్టుకుంది. మేం ఈ అడవి ఖండంలో దిగి పదకొండేళ్లయింది. ఆ అంగరఖాలను ఒక్కసారీ ఎవరూ తొడుక్కోలేదు. వారం వారం ఎండబెట్టడం మాత్రం ఆగలేదు.

ఉతికిన బట్టలు విసురుగా దులిపి ఆరేశాను. అంగరఖాల మీద కోపంతో కాదు. మర్నాడు మా అమ్మాయి రోస్విత ఇనుప ప్రమాణం చేయాలి. పొద్దున్నుంచి ఇంట్లో ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

వీరదళంలో పేరెక్కాలంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు నిండు కవచంతో ఊరి కంచె బయట బండమీద నిలబడాలి. సూర్యుడు పొడిచింది మొదలు కుంకేదాకా కూర్చోకూడదు, నీళ్లు ముట్టకూడదు, శిరస్త్రాణం ఎత్తకూడదు. పాత దేశంలో ఇలాంటి బండ మంచులో ఉండేది. చలికి ఓర్చుకోవడమే అక్కడ పరీక్ష. ఛాతీ కవచం పట్టీలు ఇంట్లో పెద్దావిడ బిగించాలి. ఇంకెవరి చేయి పడినా ప్రమాణం చెల్లదు.

నిరుడు మా బావగారి కొడుకు ఎమెరిక్ ఆ బండమీదే పడి ప్రాణం వదిలాడు. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లవాణ్ణి అత్తయ్యే పెంచింది. అంతకు ముందేడు గచ్చు మేస్త్రీ కూతురు పోయింది. ఇద్దరికీ అడవి జ్వరమే అన్నారు. జ్వరం మాకు కొత్త కాదు. అది మనిషిని మూడు రోజులు మంచాన పడేసి మరీ తీసుకుపోతుంది. ఎమెరిక్ ఆ ఉదయం నా చేతి జావ రెండు గిన్నెలు తాగి, పాడుకుంటూ వెళ్లాడు.

మా ఆయన బెరెంగార్ ద్వారం దగ్గరినుంచి వచ్చి కొడవలి గోడకు తగిలించాడు. రాత్రికి రాత్రే తలుపులు అల్లుకునే తీగలను రోజూ పొద్దున్నే నరకాలి. ఒక్కరోజు మానితే మధ్యాహ్నానికి తలుపు తెరుచుకోదు.

"ఆ ఇనుము లేకుండా ప్రమాణం చేయించకూడదా?" అని అడిగాను.

"నేను దళపతిని, తెక్లా. నా కూతురికే మినహాయింపు ఇస్తే రేపు ఎవరు నా మాట వింటారు?" కూర్చుని చెప్పులు విప్పుకున్నాడు. "పాత దేశం నుంచి సరుకు తెచ్చే ఓడవాళ్లు పేర్ల పట్టీ చూస్తారు. ప్రమాణం లేనిదే పేరు ఎక్కదు. పేర్లు తగ్గితే ఉప్పు తగ్గుతుంది, ఉక్కు తగ్గుతుంది. కంచె కాచే చేతులు ఇప్పటికే చాలడం లేదు."

"ఉన్న చేతుల్ని బండమీద పోగొట్టుకుంటే సరిపోతాయా?"

ఆయన చెప్పులు మూలకు నెట్టాడు. నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి.

అంతలో రోస్విత శిరస్త్రాణంతోనే వంటింట్లోకి వచ్చి గుమ్మానికి తల కొట్టుకుంది.

"తీసెయ్యవే, గంట మోగినట్టుంది," అన్నాను.

"అలవాటవ్వాలి కదమ్మా. అన్నయ్యలా నేను పడిపోను, చూడు."

"అన్నయ్య బలహీనుడా?"

రోస్విత శిరస్త్రాణం తీసి చంకలో పెట్టుకుంది. మెల్లగా అంది. "కాదు. వాడు నన్ను ఎత్తుకుని వాగు దాటించేవాడు."

మధ్యాహ్నం కవచానికి చెమ్మ పోవాలని పెరట్లో పరిచాను. కాసేపయ్యాక తీద్దామని వెళ్లి ముట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. నీళ్లు చిలకరిస్తే పెనం మీద చుక్కల్లా చిటపటమని ఎగిరిపోయాయి. కవచాన్ని గుడ్డతో పట్టుకుని, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తయ్య ముందుకు తెచ్చి పెట్టాను.

"ఒక్కసారి చెయ్యి పెట్టండి."

ఆవిడ పెట్టలేదు. కాయలు ఒలుస్తూనే ఉంది.

"అత్తయ్యా, దీని లోపల రేపు మన పిల్ల—"

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఎమెరిక్‌కు పట్టీలు బిగించింది నేనే. విప్పిందీ నేనే." గింజ ఒకటి చేయి జారి దొర్లిపోయింది. "కొక్కెం కింద వాడి చర్మం దానితోపాటే వచ్చేసింది, తెక్లా. జ్వరమని అందరూ అన్నారు. నేనూ అన్నాను. జ్వరం కాదంటే, మరి ఆ బిగించిన చేతులు ఎవరివి?"

ఏడాదిగా నా మనసులో ఆవిడ మీద ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను. మొండిదని, పాతకాలపు మనిషని. అవన్నీ అక్కడే వదిలేశాను. పక్కన కూర్చుని చిక్కుడుకాయలు అందుకున్నాను. చాలాసేపు ఇద్దరం ఒలిచాం.

పొద్దు వాలుతుండగా భోజనాలకు కూర్చున్నాం. పొగబెట్టిన వాగుచేప, దుంప ముద్ద, చిక్కుడు పులుసు. రోస్విత ఆకలి లేకపోయినా బలం రావాలని గబగబా మింగుతోంది. బెరెంగార్ ముద్ద కలుపుతున్నాడేగాని నోట్లో పెట్టుకోవడం లేదు.

"నెమ్మదిగా తినవే," అంది అత్తయ్య. "రేపు నువ్వు ఎక్కడికీ పరుగెత్తక్కర్లేదు."

"తెల్లవారకముందే కవచం తొడగాలి కదా నానమ్మా."

"నేను పట్టీలు బిగించను."

రోస్విత నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "నువ్వు బిగించకపోతే నా ప్రమాణం చెల్లదు! ఏం తప్పు చేశాను నానమ్మా?"

"నీ తప్పేం లేదు. నిరుడే నేను ఈ మాట అనాల్సింది."

"అమ్మా," అన్నాడు బెరెంగార్. "ఇది దళం నియమం. ఓడవాళ్లకు నేనేం చెప్పను?"

"ఎమెరిక్‌ను జ్వరం చంపలేదని చెప్పు. ఇనుము కాలి చచ్చాడని, బిగించింది నేనేనని చెప్పు." ఆవిడ పళ్లెం పక్కకు జరిపింది. "పిల్ల చొక్కాతో నిలబడి ప్రమాణం చెబుతుంది, నీళ్లు తాగి మరీ చెబుతుంది. కాదనేవాళ్లు ఓడ దిగి, ఆ కవచం తొడుక్కుని, మన బండమీద ఒక్క పూట నిలబడి చూపించమను."

బెరెంగార్ కలుపుతున్న ముద్ద వదిలేసి చేయి కడుక్కున్నాడు.

"పేర్ల పట్టీలో దాని పేరు నేను రాస్తాను," అన్నాడు చివరికి. "కొట్టేస్తే నా పేరుతో కలిపి కొట్టేసుకోనీ."

రోస్విత కళ్లనిండా నీళ్లతో, ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక, మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. నేను దాని పళ్లెంలో ఇంకొంచెం పులుసు పోశాను.