అంతయ్య భార్యలు నలభై ముగ్గురు

యాదలక్ష్మి కుక్కర్ రబ్బరు మారుస్తుంటే అత్త అండాలమ్మ పక్కనే నిలబడి అంది. "మా చక్రపాణి కొత్తయి కడ్తడు. నువ్వు పాతవాటికి అతుకులేస్తవు. గా దానికి సమ్మెల గూడ నడుసుకుంట పోవాల్నా?"

ఆ అతుకుల మాట మొదట అన్నది అత్త కాదు, భర్త చక్రపాణే. చుట్టాల పెళ్ళిలో, పదిమంది ముందు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేరే. ఆయన కొత్త ప్రోగ్రాములు రాస్తాడు. ఈమె ఆస్పత్రుల్లో ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములో లోపాలు సరిచేసి పంపుతుంది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. తను నవ్వినందుకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కారే కుళాయికి వాషరు, ఊడిన గొళ్ళేనికి మేకు, మామగారి కళ్ళజోడుకి మర, ఇవన్నీ ఎవరు చూస్తున్నారో ఇంట్లో ఎవరికీ పట్టదు. సరిగ్గా ఉన్నదాని వైపు ఎవరు చూస్తారు? చెడినప్పుడే తను గుర్తుకొస్తుంది.

సమ్మె వల్ల బస్సుల్లేవు. చైతన్యపురి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచింది. సమ్మె టెంటులోని ఒకావిడ ఎవరివని అడక్కుండానే మంచినీళ్ళ సీసా అందించింది.

ఆఫీసు ఇన్వర్టర్ మీద నడుస్తోంది. మేనేజర్ మురళీకృష్ణ ఆ రోజు పంపాల్సిన సవరణల జాబితా ముందు పెట్టుకుని ఉన్నాడు. నడుస్తున్న వెర్షన్‌ని పని ఆగిపోతేనో, వివరాలు చెడిపోతేనో తప్ప ముట్టుకోకూడదు. కొత్త సోకులన్నీ తర్వాతి వెర్షన్‌కే. ఈ నియమం పెట్టింది యాదలక్ష్మే. దాని కోసం తను ఇష్టపడి రాసుకున్నవి కూడా ఎన్నోసార్లు పక్కన పెట్టింది.

గొడవంతా ఎల్బీనగర్ ఆస్పత్రి నుంచి వచ్చిన ఫిర్యాదు గురించి. ఆడమనిషి వివరాలు ఎక్కించేటప్పుడు భర్త పేరు లేకపోతే ప్రోగ్రాము ముందుకు కదలదు. పెళ్ళికానివాళ్ళు, విడిపోయినవాళ్ళు, చెప్పనన్నవాళ్ళు వచ్చినప్పుడల్లా కౌంటర్ అమ్మాయి విసిగిపోయి, ఎదురుగా కనిపించే వాచ్‌మన్ పేరే భర్త పేరు గడిలో ఎక్కించేసేది. పోయిన వారం ఫోన్ చేసి మొరపెట్టుకున్నది ఆ వాచ్‌మన్ అంతయ్యే. "ఉన్న ఒక్కదానితోనే పరేషాన్‌గున్న మేడం. నలభై మూడు మందిని ఎట్ల సాదాలె?"

యాదలక్ష్మి పగలబడి నవ్వింది. తర్వాత అతను చెప్పింది విన్నాక నవ్వు ఆగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళ పేర్లూ, వాళ్ళ భర్తల పేర్లూ ఒకటే అయితే ప్రోగ్రాము ఇద్దరినీ ఒకే మనిషి కింద కలిపేస్తుంది. అంతయ్య భార్యల్లో రాములమ్మలు ఇద్దరున్నారు. ఒకామె షుగర్ రిపోర్టు రెండో ఆమె కాగితాల్లో చేరింది. ఇన్సులిన్ సూదితో వచ్చిన నర్సు, మంచం పక్కన ఓ నిమిషం ఆగి, "పెద్దమ్మా, షుగర్ ఎన్నేండ్ల సంది?" అని అడగబట్టి సరిపోయింది. అలా అడగమని ఆమెకెవరూ చెప్పలేదు.

ఆ రోజే యాదలక్ష్మి సవరణ రాసింది. గడి ఖాళీగా వదిలేయొచ్చు. అడగకుండా ఏ ఇద్దరినీ కలపదు. వారమంతా పరీక్షించింది.

"ఇది లోపం కాదమ్మా, కొత్త కోరిక," అన్నాడు మురళీకృష్ణ. "వచ్చే వెర్షన్‌లో చూద్దాం. మన ఛైర్మన్‌గారు అడిగిన లోగో రంగు మార్పు మాత్రం ఇందులోనే వెళ్ళాలి."

"భర్త పేరు లేకుంటే మనిషిని లోపలికి రానియ్యకపోవుడు లోపం కాదా సర్?"

"చాలామందికి భర్తలుంటారు కదండీ."

యాదలక్ష్మి జాబితా తనవైపు తిప్పుకుని లోగో రంగు మీద గీత కొట్టింది. మురళీకృష్ణ చక్రపాణికి ఫోన్ కలిపాడు. మగవాళ్ళిద్దరూ కలిసి చదువుకున్నారు. నాలుగు మాటలు చెప్పి ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

"సార్ చెప్పినట్టు ఇను," అంటున్నాడు చక్రపాణి. "చిన్నదానికి లొల్లి ఎందుకు?"

 

"ఏది చిన్నదో, ఏది ఆగకూడదో తేల్చుడే నా కొలువు. నీ కొలువు నువ్వు చూసుకో," అని ఫోన్ పెట్టేసింది.

 మురళీకృష్ణ గొంతు తగ్గించి, రేపు ఛైర్మన్‌గారు అడిగితే తనేం చెప్పాలన్నాడు.

యాదలక్ష్మి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. సవరణల చీటీ అడుగున, అనుమతించినవారిగా ఇన్నాళ్ళూ అతని పేరే ఉండే చోట తన పేరు టైపు చేసింది.

"నన్నే అడగమనుండ్రి," అంది, సవరణ పంపేస్తూ.