నాలుగో మాట నాకిచ్చారు

గుడ్ ఫ్రైడే నాడు ఆర్మూర్‌లోని మా ప్రార్థన మందిరంలో ఏడుగురం ఒకరి తర్వాత ఒకరం లేచి, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి తలా పది నిమిషాలు చెప్తాం. ఈసారి నాలుగో మాట నాకిచ్చారు. దేవుడా, నన్నెందుకు వదిలేశావు అని ఆయన అరిచిన మాట అది. మొగుడు పోయినదానికి అదే సరిపోతుందనుకున్నారేమో.

నెల ముందే మొదలుపెట్టాను. ఒళ్లో బీడీలు చుట్టే చాట, పక్కన సువార్తలు. నాలుగూ తిప్పి చూసేసరికి నాకు మతి పోయింది. ఏడు మాటలూ కలిపి ఏ ఒక్కదానిలోనూ లేవు. మత్తయిలో, మార్కులో నా మాట ఒక్కటే ఉంది. లూకాలో వేరే మూడు, యోహానులో ఇంకో మూడు. యోహానులో తల్లి సిలువ పక్కనే నిలబడి ఉంది. మిగతా మూడింటిలో ఆడవాళ్ళు దూరం నుంచి చూశారు. మరి దగ్గర ఎవరున్నట్టు? ఎవరు విన్నట్టు?

ఆదివారం పాస్టరయ్యను అడిగాను.

“నలుగురు నాలుగు దిక్కులకెళ్లి చూసిండ్రమ్మా. అన్ని కలుపుకుంటే పూర్తయితది,” అన్నాడు.

“కలిపింది మనమే గద అయ్యగారూ. ఆకరికి ఆయన ఏమన్నడో గదే తెల్వకపాయె.”

“గిసోంటి అనుమానాలు మంచియి కావు యమునమ్మా.”

ఆ తర్వాత మందిరంలో చాప మీద నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. ఒక మనిషి పట్టేంత ఖాళీ. నాకు ఒళ్లు మండింది. అడగడం అంటుకునే రోగమా?

పంతానికి అడగలేదు నేను. మా ఆయన గంగాకిషన్ రెండేళ్ల కింద దుబాయ్‌లో గుండె ఆగి పోయాడు. అక్కడ ఒకే రూములో ఉన్నవాళ్లు సెలవు మీద వస్తే, పోయినవాడి ఇంటికి వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్లడం మా దగ్గర ఆనవాయితీ. బాల్కొండ శేఖర్ వచ్చి, “యమున పైలం, జర సూస్కోండ్రి అన్నడు వదినె, గదే ఆకరి మాట,” అన్నాడు. ఆర్నెల్లకు సిరికొండ రాజమల్లు వచ్చి, ప్రార్థన చేసుకుంటూనే కళ్లు మూశాడని, ఇంకో మాట లేదని చెప్పాడు. పాస్టరయ్య చేసిన పనే నేనూ చేశాను. ముందు నన్ను తలుచుకున్నాడు, తర్వాత ప్రార్థన చేశాడని రెండూ కలిపేసుకుని ఇన్నాళ్లూ ఆ ధైర్యంతోనే బతికాను. ఇప్పుడు నాకు నా మీదే అనుమానం వచ్చింది.

ఆ రూములో మూడోవాడు వాహబ్. ఆర్మూర్‌లోనే ఉంటాడు, తిరిగొచ్చి ఏడాదయింది. మా ఇంటి గడప మాత్రం తొక్కలేదు. గురువారం పొద్దున పసుపు మార్కెట్‌కు పోయి పట్టుకున్నాను. బస్తాల మూతులు కుడుతున్నాడు, చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

“వాహబ్ భాయ్, నిజం చెప్పు. గా దినం ఆయన దగ్గర ఎవరున్నరు?”

దబ్బనం బస్తాలోనే వదిలేశాడు.

“ఎవ్వలు లేరు వదినె. జరమొచ్చిందని రూమ్‌ల పండుకున్నడు. మేం ముగ్గురం డ్యూటీకి పోయినం. పొద్దుమూకి వచ్చి చూస్తే అయిపోయింది. ఒక్కడే పోయిండని నీకెట్ల చెప్పాలె? ఎవ్వలు ఫస్ట్ ఇంటికి పోతే వాళ్లు ఏదన్న మంచిమాట చెప్పాలె అనుకున్నం. ఏం చెప్పాలెనో అందరం కలిసి అనుకునుడు మర్శిపోయినం.”

“నువ్వెందుకు రాలే?”

“నాకు అబద్ధం చెప్పరాదు. నిజం చెప్పబుద్ధి గాలే.”

వాళ్ల మీద కోపం రాలేదు. ఆ రెండు మాటలూ పోయాయి, అంతే. ఇంటికి వచ్చి చాట ముందేసుకున్నాను గానీ, ఒక్క బీడీ చుట్టలేకపోయాను.

మర్నాడు నా వంతు వచ్చింది. రాసుకున్న కాగితం విప్పలేదు.

“గీ మాట ఎవ్వలు ఇన్నరో నాకు తెల్వది. గని నేను నమ్ముతున్న. దగ్గర ఎవ్వలు లేకుంట పోయెటోడు ఇంకేమంటడు?”

అంతే చెప్పి, వచ్చి ఆ ఖాళీ పక్కన కూర్చున్నాను. ఐదో మాట చెప్పడానికి సుస్మిత లేచింది. ప్రభువు దాహమన్న మాట అది.

గంగాకిషన్ మంచం దగ్గర నీళ్లున్నాయో లేవో నేను వాహబ్‌ను అడగలేదు.