బుల్లియ్య తోమిన బండ

రాజమండ్రి కాలేజీ నుంచి మేడం గారు తన బండను చూడ్డానికి వస్తున్నారని తెలిసినప్పటి నుంచి బుల్లియ్యకు కాలు నిలవలేదు. ఊరికి ఎగువన, గోదావరి నడుమ ఏనుగంత రాయి అది. మాఘమాసంలో నీరు తీశాక బయటపడుతుంది. ముప్పై ఏళ్లుగా దాని మీద నిలబడే అతను వల విసురుతున్నాడు. అంత పెద్దావిడ వచ్చేసరికి బండ పాచి పట్టి ఉంటే పరువేం కావాలి? కాలు జారకుండా ఏటా నిలబడే చోటు గీకేవాడే; ఈసారి పొద్దు పొడవగానే పడవేసుకుని వెళ్లి, బండ మీదంతా కత్తితో గీకి, కొబ్బరి పీచుతో తోమి వచ్చాడు.

"మీ మేడం గారు జారమన్నా జారరే!" అన్నాడు కూతురు హేమశ్రీతో, మీసం దువ్వుకుంటూ.

హేమశ్రీ ముఖం పాలిపోయింది. "నాన్నా! ఆవిడ వచ్చేది ఆ పాచి కోసమే! అది మొక్క. వానాకాలమంతా నీళ్లలో రాతిని పట్టుకుని పెరిగి, బయటపడ్డాక నాలుగు రోజులు పూస్తుంది. క్లాసులో చెబితే అందరూ నవ్వారు. మేడం ఒక్కరే, చూపిస్తే అదే నీ ప్రాజెక్టు అన్నారు. ఇప్పుడు నేను అబద్ధాలకోరునైపోతాను!"

బుల్లియ్య గుండెల్లో రాయి పడింది. కూతురి మాటను తన చేత్తోనే గీకి గోదాట్లో కలిపాడు మహానుభావుడు! ఇంతలో నాగదుర్గ మేడం ఆటో దిగనే దిగారు.

ముగ్గురూ పడవెక్కారు. తెడ్డు వేస్తూ వేస్తూ బుల్లియ్య ఉన్నట్టుండి కేకేశాడు.

"అమ్మాయ్! గంగమ్మ మొహం!"

బండకు ఎగువ పక్కన మూరెడు మేర గంగమ్మ మొహమని వాళ్ల నమ్మకం. బండ బయటపడిన రోజున అక్కడ పసుపు రాసి బొట్టు పెడతారు. ఆ చోట కత్తి తగలనివ్వరు. పొద్దున ఎంత జోరు మీదున్నా అక్కడికి రాగానే అతని చేయి దానంతటదే ఆగింది.

గబగబా పడవ తిప్పాడు. బొట్టు చుట్టూ ఆవగింజంత గులాబీరంగు పూలు, వందలకు వందలు!

"ఉన్నాయండీ మేడం! ఉన్నాయి!" హేమశ్రీ గెంతింది. పడవ ఊగిపోయింది. మేడం అదేమీ పట్టించుకోకుండా మోకాళ్ల మీద కూర్చుని పూల దగ్గరగా వంగారు.

"ఎంత బాగున్నాయో! ఇన్నాళ్లూ వీటిని కాపాడిందెవరమ్మా?"

"మా నాన్నేనండి," అంది హేమశ్రీ చటుక్కున.

బుల్లియ్యకు ఆ మెప్పు గొంతు దిగలేదు. "కాదండి. ముప్పయ్యేళ్ల నుంచి గీకేస్తున్నది నేనేనండి. కాపాడింది గంగమ్మండి."

అని ఊరుకోలేదు. పడవ మూలనున్న పసుపు కుంకుమల డబ్బా తీసి, బండ చుట్టూ పడవ నడుపుకుంటూ, పసుపు రాసి బొట్టు మీద బొట్టు పెట్టుకుపోయాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"ఇంక బండంతా అమ్మవారి మొహమే. నేనే కాదు, ఊళ్లో ఎవడూ కత్తి పెట్టడు."

"మరి నువ్వెక్కడ నిలబడి వల విసురుతావు?"

బుల్లియ్య బండను ఒక్కసారి తేరిపార చూసుకున్నాడు.

"పడవ లేదేంటే మనకి?" అన్నాడు.